పెడచెవిన పెట్టే మెదడు

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను. మీరంతా ఇందాక ఈ హాల్లోకి నడుచుకుంటూ వచ్చారు. మెట్లెక్కారు, కుర్చీలు జరుపుకున్నారు, సర్దుకుని కూర్చున్నారు. మీ వెనక వచ్చినవాళ్ళ చెప్పుల చప్పుడు మీలో కొందరికైనా వినబడే ఉంటుంది. మరి మీ సొంత చెప్పుల చప్పుడు విన్నట్టు ఎవరికైనా గుర్తుందా? గుర్తున్నవాళ్ళు చెయ్యెత్తండి.

(ఎవరూ చెయ్యెత్తలేదు.)

ఒక్కరు కూడా లేరు. మీ పాదాలు మీ చెవులకు అయిదడుగుల దూరంలో ఉన్నాయి. వెనక మనిషి పాదాలు ఇంకా దూరం. దగ్గరిది వినబడలేదు, దూరానిది వినబడింది. ఈ తేడా చెవి చేసింది కాదు. గాలి కదిలితే చెవి కదులుతుంది, అంతే. ఇది నీది, ఇది పరాయిది అని విడదీసింది మెదడు. తెలుగులో దీనికి చక్కటి మాటుంది: పెడచెవిన పెట్టడం. చెప్పినమాట విననివాళ్ళని కోప్పడేటప్పుడు వాడతాం గానీ, చెవులున్న ఎన్నో జంతువుల మెదళ్ళు రోజంతా చేసే పని ఇది. నా పరిశోధన అంతా దీని చుట్టూనే తిరుగుతోంది.

నేను పోస్ట్‌డాక్‌ని. అంటే పిహెచ్‌డి పూర్తయ్యాక, సొంత ల్యాబ్ పెట్టుకునేలోపు, మరొకరి ల్యాబ్‌లో కొన్నేళ్ళపాటు ప్రయోగాలకే అంకితమైపోయే మనిషిని. ఒక ప్రశ్న, ఒక నిశ్శబ్దమైన గది, కొన్ని చిట్టెలుకలు. నా రోజులన్నీ వాటితోనే గడుస్తున్నాయి.

ముందు శబ్దం మెదడుదాకా ఎలా చేరుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అందదు. గాలిలో వచ్చిన కదలికను కర్ణభేరి అందుకుంటుంది. మూడు చిన్న ఎముకలు దాన్ని లోపలికి తోస్తాయి. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో ఒక పొర ఊగుతుంది. కీచుమనే స్వరాలకు ఆ పొర మొదట్లో ఎక్కువగా ఊగుతుంది, బొంగురు స్వరాలకు చివర్లో. గేయార్గ్ ఫాన్ బెకెషీ అనే శాస్త్రవేత్త దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపించి 1961లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ పొర మీద, ఆ ఊపును పట్టుకునే రోమకణాలు బారులు తీరి ఉంటాయి. మనిషికి ఒక్కో చెవిలో సుమారు 15,000. అందులోనూ మెదడుకు కబురు పంపే పని ప్రధానంగా చేసేవి 3,500 మాత్రమే. కంట్లో కాంతిని పట్టే కణాలు కోట్లలో ఉంటాయని గుర్తుచేసుకుంటే, చెవి ఎంత పొదుపుగా బతుకుతోందో తెలుస్తుంది.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. కంట్లో అయితే ఎడమ పక్కనున్న వస్తువు బొమ్మ ఒకచోట, కుడి పక్కనున్నది ఇంకోచోట పడుతుంది. ఎక్కడ పడిందో చూస్తే దిక్కు తెలిసిపోయినట్టే. కాక్లియాలో చోటంతా స్వరాలు పంచేసుకున్నాయి. దిక్కుకంటూ చోటు మిగల్లేదు. మరి చీకట్లో ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే తల సరిగ్గా అటే ఎలా తిరుగుతోంది?

రెండు చెవులుండటం వల్ల. కుడి నుంచి వచ్చే చప్పుడు కుడి చెవిని ముందు తాకుతుంది, ఎడమ చెవిని కాస్త ఆలస్యంగా తాకుతుంది. ఆ కాస్త ఎంతో తెలుసా? గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మన తల చుట్టి వెళ్ళడానికి ఎక్కువలో ఎక్కువ 700 మైక్రోసెకన్లు చాలు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షల వంతు. అంతే కాదు, మంచి వినికిడి ఉన్న మనిషి 10 మైక్రోసెకన్ల తేడాను కూడా పట్టగలడు. ఇప్పుడు మెదడు సంగతి చూడండి. ఒక నాడీకణం ఒక్కసారి పలకడానికి, మా ల్యాబ్ భాషలో ఒక స్పైక్ రావడానికి, సుమారు 1,000 మైక్రోసెకన్లు పడుతుంది. గంటకొకసారి మోగే గడియారం ఒక్కటి చేతికిచ్చి, అర నిమిషం తేడా కొలవమన్నట్టుంది పరిస్థితి.

1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే ఆయన దీనికి ఒక ఊహ చెప్పాడు. ఒక బారున కణాలున్నాయనుకోండి. కుడి చెవి నుంచి ఒక తీగ, ఎడమ చెవి నుంచి ఒక తీగ ఎదురెదురుగా వచ్చి, దారిలో ఒక్కో కణాన్నీ తాకుతూ పోతాయి. రెండు పక్కల నుంచీ కబురు ఒకేసారి అందితేనే ఆ కణం పలుకుతుంది. చప్పుడు కుడి చెవికి ముందు చేరిందనుకోండి, కుడి కబురు ముందుగా బయల్దేరుతుంది కాబట్టి ఎక్కువ దూరం నడిచి, బారులో ఎడమ వైపునున్న కణం దగ్గర రెండో కబురును కలుసుకుంటుంది. ఎక్కడ కలుసుకున్నాయో చూస్తే చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలిసిపోతుంది. గడియారం అక్కర్లేదు. తీగ పొడవే గడియారం. ఇదంతా కాగితం మీద చెప్పిన మాట. అప్పటికి అలాంటి కణాల బారును మెదడులో ఎవరూ చూడలేదు.

దాన్ని చూపించింది గుడ్లగూబ. తెల్లటి, గుండెకాయ ఆకారపు మొహంతో ఉండే బార్న్ ఔల్. ఈ పక్షి చిమ్మచీకట్లో ఎలుకను పట్టగలదని, అదీ కేవలం విని పట్టగలదని రోజర్ పేన్ అనే పరిశోధకుడు నిరూపించాడు. కాంతి చొరబడని గదిలో నేల మీద ఎండుటాకులు పరిచి ఎలుకను వదిలాడు. గలగల వినబడిన చోటికే గుడ్లగూబ వచ్చి వాలింది. ఎలుక బదులు ఆకుల మీద కాగితం ఉండను లాగితే దాని మీదికీ దూకింది. కళ్ళ పని లేదు, వాసన పని లేదు. తర్వాతి కాలంలో తిమింగలాల పాటలను ప్రపంచానికి వినిపించిన పేన్ ఈయనే.

గుడ్లగూబ చెవుల్లో ఒక వింత ఉంది. రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఎడమది కాస్త పైన ఉండి కిందికి చూస్తుంది, కుడిది కాస్త కింద ఉండి పైకి చూస్తుంది. అందువల్ల కింది చప్పుళ్ళు ఎడమ చెవిలో గట్టిగా, పై చప్పుళ్ళు కుడి చెవిలో గట్టిగా వినిపిస్తాయి. కుడి ఎడమలకు కాలంలో తేడా, పైకి కిందికి గట్టిదనంలో తేడా. ఈ రెంటినీ కలిపితే ఒక బిందువు దొరుకుతుంది. 1978లో ఎరిక్ నడ్సెన్, మసకజు కొనిషి గుడ్లగూబ మధ్య మెదడులో ఏకంగా ఒక పటాన్నే కనుక్కున్నారు. పక్షి తల చుట్టూ ఒక స్పీకరును అన్ని దిక్కులకూ జరుపుతూ, ఒక్కో కణం ఏ దిక్కుకు పలుకుతోందో గుర్తు పెట్టుకుంటూ పోయారు. పక్కపక్క కణాలు పక్కపక్క దిక్కులకు పలికాయి. చెవిలో లేని పటాన్ని మెదడు తానే గీసుకుంది. ఆ తర్వాత కేథరిన్ కార్, కొనిషి కలిసి ఆ తీగలను కూడా వెతికి పట్టుకున్నారు. 1990లో వచ్చిన వాళ్ళ పరిశోధనలో జెఫ్రెస్ చెప్పినట్టే ఎదురెదురుగా వచ్చే తీగలు, మధ్యలో కణాల బారు ఉన్నాయి. ఊహకూ సాక్ష్యానికీ మధ్య నలభై ఏళ్ళు గడిచాయి.

నడ్సెన్ చేసిన ఇంకో పని చెప్పకుండా ముందుకు పోలేను. లోకాన్ని పక్కకు జరిపి చూపించే అద్దాలను గుడ్లగూబ పిల్లలకు తొడిగాడు. కంటికి ఒకచోట, చెవికి ఇంకోచోట. కొన్ని వారాల్లో వాటి వినికిడి పటం కంటి పటానికి సరిపోయేలా జరిగింది. ఎదిగిన పక్షుల్లో అంత తేలిగ్గా జరగలేదు. అంటే ఆ పటం పుట్టుకతో ముద్రించి వచ్చింది కాదు. అనుభవంతో దిద్దుకున్నది.

ఇంత చక్కటి ఊహ మనలాంటి క్షీరదాల్లో కూడా నిజమై ఉంటుందని అందరూ అనుకున్నారు. 2001, 2002 ప్రాంతాల్లో గినీ పిగ్‌లలోనూ, జెర్బిల్ అనే ఎడారి ఎలుకల్లోనూ జరిగిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిపాయి. డేవిడ్ మెకాల్పైన్, బెనెడిక్ట్ గ్రోథె బృందాలు చూసినచోట అలాంటి కణాల బారు కనబడలేదు. ఎడమ మెదడులో కణాలన్నీ మొత్తం మీద కుడివైపు చప్పుళ్ళకు, కుడి మెదడులోవి ఎడమవైపు వాటికి ఎక్కువగా పలుకుతున్నాయి. రెండు గుంపుల్లో ఏది ఎంత పలికిందో పోల్చుకుంటే దిక్కు వస్తుంది. పైగా సమయాన్ని సరిదిద్దడంలో తీగ పొడవు కన్నా, కణాన్ని సరిగ్గా క్షణంలో అణిచే సంకేతాల పాత్ర ఎక్కువని వాళ్ళు వాదించారు. ఈ చర్చ ఇప్పటికీ సాగుతోంది. నాకు ఇది నిరాశగా అనిపించలేదు. అదే సమస్యను పక్షి ఒక దారిలో, క్షీరదం ఇంకో దారిలో తేల్చుకున్నాయంటే, ఒక జంతువులో చూసింది అన్నిటికీ అంటగట్టకూడదని గట్టిగా చెప్పినట్టే కదా.

సరే. ఇంతసేపూ చెప్పిన ప్రయోగాల్లో ఒక విషయం గమనించారా? మెదడులో ఎలక్ట్రోడ్, అంటే కణాల పలుకును పట్టే సన్నటి సూదిలాంటి పరికరం, ఉన్నప్పుడు జంతువు కదలడం లేదు. మత్తులో ఉంది, లేదా స్థిరంగా ఉంది. మేము శబ్దం వినిపిస్తాం, అది వింటుంది. బయట బతికే జంతువు అలా ఉండదు కదా! నడుస్తుంది, నములుతుంది, అరుస్తుంది, గోక్కుంటుంది. అది చేసే ప్రతి పనికీ చప్పుడవుతుంది. ఎలుకకు పిల్లి అడుగు వినబడాలంటే ముందు తన అడుగు అడ్డు తొలగాలి.

నేను ఈ ప్రశ్నలోకి వచ్చిన తీరు చెప్తాను. మా గది గోడలన్నీ స్పాంజితో కప్పి ఉంటాయి. లోపల తేలికైన చక్రం, దాని మీద చిట్టెలుక. తల కదలకుండా పట్టి ఉంచుతాం, కాళ్ళు మాత్రం స్వేచ్ఛగా ఉంటాయి. అది నడవాలనుకుంటే నడుస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. కార్టెక్స్ అంటే మెదడు పైపొర. అందులో వినికిడికి సంబంధించిన భాగంలోకి వెంట్రుక కన్నా సన్నటి ఎలక్ట్రోడ్ దించుతాం. ఈ రోజుల్లో న్యూరోపిక్సెల్స్ అనే ఎలక్ట్రోడ్ ఒక్కటే 384 చోట్ల ఒకేసారి రికార్డు చేస్తుంది. కణాలు పలికితే ఆ సంకేతాన్ని స్పీకరుకు కలిపి మేము బయట కూర్చుని వింటాం. టప్, టప్, టప్ అని. ఆ చప్పుడుకు ఎన్నేళ్ళయినా అలవాటుపడలేదు నేను. ఒక ప్రాణి వింటున్న క్షణంలోనే దాని వినికిడిని మనం వింటున్నాం.

మొదటి నెలల్లో నేను కోరుకున్నది చాలా చిన్న విషయం. ఒకే స్వరాన్ని వందలసార్లు వినిపించి, ఒకే రకమైన జవాబు రాబట్టాలి. రాలేదు. ఒకసారి గట్టిగా పలికేది, మరోసారి అసలు పలకనట్టుండేది. ఎలక్ట్రోడ్ జారుతోందనుకున్నాను. మళ్ళీ బిగించాను. తీగలు మార్చాను. వారాలు గడిచాయి. ఒక సాయంత్రం కెమెరా తెర పక్కనే పెట్టుకుని, కళ్ళు దాని మీద, చెవులు స్పీకరు మీద పెట్టి కూర్చున్నాను. చిట్టెలుక ఆగి ఉన్నప్పుడు జవాబు గలగలా వచ్చేది. అది నడక మొదలుపెట్టగానే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మొదలుపెట్టబోతుండగానే, స్పీకరు సద్దుమణిగేది. ఇలా జరుగుతుందని నేను చదివే ఉన్నాను. డేవిడ్ ష్నైడర్, రిచర్డ్ మూనీ బృందం 2014లోనే చూపించారు: కదలికను నడిపించే కార్టెక్స్ నుంచి వినికిడి కార్టెక్స్‌కు తీగలున్నాయి, అవి అక్కడి నిరోధక కణాలను తట్టిలేపి మిగతావాటిని అణుస్తాయి అని. చదవడం వేరు. నా స్పీకరులో విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. అన్ని వారాలూ నేను లోపమనుకుని సరిచెయ్యడానికి తంటాలు పడింది, అసలు చూడవలసిన విషయం.

ఈ ఆలోచన పాతదే. 1950లో ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిట్టెల్‌స్టాట్ ఒక ఈగ తలను తిప్పి అతికించి చూశారు. అది నేలమీద ఆగకుండా గిరగిరా తిరిగింది. తాను తిరిగితే లోకం ఎటు కదిలినట్టు కనబడాలో దాని మెదడు ముందే లెక్కగట్టి ఉంచుకుంటుంది. తల తిరగబడేసరికి ఆ లెక్క తలకిందులైంది. అదే ఏడాది రోజర్ స్పెరీ కూడా విడిగా ఇదే నిర్ణయానికి వచ్చాడు. కండరాలకు ఆజ్ఞ వెళ్ళేటప్పుడు దాని నకలు ఒకటి ఇంద్రియాల వైపుకు కూడా వెళ్తుంది. ఇదిగో నేను కదులుతున్నాను, ఇప్పుడు వచ్చేది నాదే, పట్టించుకోకు అని.

నకలు అనేది నిజంగా ఒక కణంగా కనబడుతుందా? కీచురాయిలో కనబడింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది. మగ కీచురాయి రెక్కల్ని ఒకదానితో ఒకటి రాపిడి చేసి పాడుతుంది. దాని చెవులు ముందుకాళ్ళ మీద ఉంటాయి. రెక్కల దగ్గర ఆ పాట 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. సొంత చెవుల పక్కన అంత హోరు పెట్టుకుని, గంటల తరబడి పాడుతూ కూడా, మధ్యలో వచ్చే ఇంకో కీచురాయి పాటనూ, శత్రువు చప్పుడునూ వింటుంది. ఎలా? జేమ్స్ పోలెట్, బెర్తోల్డ్ హెడ్విగ్ 2002లో దాని వినికిడి కణాల్లో రికార్డు చేశారు. రెక్క మూసుకుని కీచుమన్న ప్రతిసారీ, సరిగ్గా ఆ క్షణానికి వినికిడి కణాలు అణిగిపోతున్నాయి. కూతకూ కూతకూ నడుమ మళ్ళీ తెరుచుకుంటున్నాయి. ఇది చప్పుడు వల్ల జరుగుతోందా, ఆజ్ఞ వల్ల జరుగుతోందా? ఒక రెక్క తీసేసి చూశారు. పురుగు పాడుతున్నట్టే రెక్క ఊపింది, చప్పుడు రాలేదు. కణాలు మాత్రం అణిగాయి. మరి ఆ నకలును మోసుకెళ్తున్నది ఎవరు? 2006లో ఆ కణాన్నే పట్టుకున్నారు. పాట నాడీజాలం నుంచి పుట్టి, నాడీమండలమంతా కొమ్మలు చాపిన ఒకే ఒక్క రకం కణం. కీచురాయి ఊరకే కూర్చున్నప్పుడు ఆ కణాన్ని విద్యుత్తుతో పలికిస్తే, బయటి చప్పుళ్ళకు వచ్చే జవాబు తగ్గిపోయింది. పెడచెవిన పెట్టడానికి ఒక కణం! వేలెత్తి చూపించగలిగే కణం!

గబ్బిలానిది ఇంకా పెద్ద కష్టం. దాని బతుకంతా తన గొంతు నుంచి వెళ్ళి, పురుగును తాకి తిరిగొచ్చే ప్రతిధ్వని మీదే ఆధారపడింది. కేక చాలా గట్టిది, ప్రతిధ్వని చాలా పలచనిది, రెంటికీ మధ్య వ్యవధి కొన్ని మిల్లీసెకన్లు. కేకకు చెవి దిమ్మెక్కిపోతే ప్రతిధ్వని వినబడదు. అందుకని కేక వెయ్యడానికి ముందే మధ్య చెవిలోని కండరం బిగుసుకుని ఎముకల కదలికను తగ్గిస్తుంది, కేక అవ్వగానే సడలుతుంది. అది చాలనట్టు మెదడులోనూ ఒక అడ్డుకట్ట ఉందని నొబువో సూగా, పీటర్ ష్లెగెల్ 1972లో చూపించారు. గబ్బిలం తాను కేక వేసినప్పుడు మెదడులో వచ్చిన జవాబు చిన్నది. అదే కేకను రికార్డు చేసి వినిపిస్తే వచ్చిన జవాబు పెద్దది. వేట చివరి క్షణాల్లో కొన్ని గబ్బిలాలు సెకనుకు దాదాపు 200 కేకలు వేస్తాయి. అన్నిసార్లూ తలుపు మూయాలి, తెరవాలి.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. సొంత చప్పుడును పూర్తిగా చెరిపేస్తే, మనం సరిగ్గా మాట్లాడుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది? వినికిడి కోల్పోయిన పెద్దవాళ్ళ మాట కాలం గడిచేకొద్దీ మారడం మనకు తెలిసిందే. అంటే మెదడు వినడం మానెయ్యలేదు. మార్మొసెట్ అనే చిన్న కోతుల మీద స్టీవెన్ ఎలియాడెస్, షావోచిన్ వాంగ్ చేసిన పని దీన్ని బాగా విప్పింది. కోతి అరవబోయే ముందే వినికిడి కార్టెక్స్‌లో చాలా కణాలు అణిగిపోతాయి. 2008లో వాళ్ళు ఒక మెలిక పెట్టారు. కోతి అరుపును అప్పటికప్పుడు స్వరం మార్చి దాని చెవుల్లోకే వినిపించారు. అణిగి ఉన్న కణాలే లేచి పలికాయి. అవి నిద్రపోవడం లేదన్నమాట. వచ్చింది అనుకున్నట్టే ఉంటే ఊరుకుంటాయి, తేడా వస్తే పలుకుతాయి. పెడచెవిన పెట్టడం అంటే నేను మొదట అనుకున్న అర్థం ఇక్కడ మారిపోయింది. ఇది నిర్లక్ష్యం కాదు, కాపలా.

పాట నేర్చుకునే పక్షుల్లో ఈ కాపలా ఏం పని చేస్తుందో విక్రమ్ గదగ్‌కర్, జెస్సీ గోల్డ్‌బర్గ్ బృందం 2016లో చూపింది. జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట పాడుతుంటే, ఒక అక్షరం దగ్గర కొన్నిసార్లు మాత్రం గరగర శబ్దం కలిపి వినిపించారు. పాట తప్పిందనిపించిన క్షణంలో డోపమైన్ కణాల (బహుమతి దొరికినప్పుడు పలికే కణాల) పలుకు కాస్త తగ్గింది. గరగర రాకుండా సరిగ్గా వచ్చిన క్షణంలో పెరిగింది. బహుమతి ఇచ్చినవాళ్ళు లేరు, మెచ్చుకున్నవాళ్ళు లేరు. తనలో తాను దిద్దుకుంటోంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఈ మాట నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక మా చిట్టెలుకల దగ్గరికి వస్తాను. 2018లో ష్నైడర్, మూనీ, వాళ్ళ సహచరులు నడకకు ఒక కృత్రిమమైన చప్పుడు తగిలించారు. ఎలుక అడుగేస్తే ఒక స్వరం వినిపిస్తుంది. దాని నడకకు పుట్టుకతో లేని చప్పుడది. కొన్ని రోజులు అలా నడిచాక, నడిచేటప్పుడు ఆ ఒక్క స్వరానికే కార్టెక్స్ జవాబు బాగా తగ్గింది. వేరే స్వరాలకు అంతగా తగ్గలేదు. ఎలుక ఆగి ఉండగా అదే స్వరం వినిపిస్తే మామూలుగానే పలికింది. అంటే మెదడు మొత్తానికి ఒక దుప్పటి కప్పడం లేదు. నా అడుగుకు ఈ చప్పుడు అని నేర్చుకుని, ఆ చప్పుడు మేరకే తీసివేస్తోంది. ఇలాంటి తీసివేత ఇంకా కింది మెట్టులోనూ జరుగుతుంది. చెవి నుంచి వచ్చే నాడి మొట్టమొదట ఆగే కాక్లియర్ న్యూక్లియస్‌లో, ఎలుక నీళ్ళు నాకే చప్పుడు రద్దవుతోందని నేట్ సాటెల్ బృందం 2017లో చూపింది.

ఇది మనుషులకు ఎందుకు ముఖ్యమో ఒక్క మాట. మనం మాట్లాడేటప్పుడు కూడా మెదడులో మన గొంతుకు వచ్చే జవాబు తగ్గుతుంది. లేని గొంతులు వినబడే స్కిజోఫ్రెనియా అనే మానసిక రుగ్మత ఉన్నవాళ్ళలో ఈ తగ్గుదల తక్కువగా ఉందని జుడిత్ ఫోర్డ్, డేనియల్ మథలాన్ వంటివాళ్ళు నమోదు చేశారు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, తనలోని మాటకు ఇది నాదే అనే ముద్ర పడకపోవడం వల్ల కావచ్చునని ఒక ప్రతిపాదన ఉంది. నిరూపణ అయిపోయిందని నేను అనను. కానీ అలాంటి గొంతులతో రోజూ వేగేవాళ్ళను భ్రమ అని తోసిపుచ్చకుండా, ఏ తీగ దగ్గర ఏం జరిగిందని అడగగలగడమే పెద్ద మార్పని నా నమ్మకం.

నేను ఇప్పుడు చేస్తున్నది దీనికి తర్వాతి అడుగు. చక్రం అసలు చప్పుడు చెయ్యకుండా సిద్ధం చేస్తాం. అడుగుకో స్వరం తగిలిస్తాం. కొన్ని రోజులు నేర్చుకోనిస్తాం. తర్వాత ఎప్పుడో ఒక అడుగుకు ఆ స్వరం ఇవ్వం. రావలసిన చప్పుడు రాలేదు. చెవిలో ఏమీ జరగలేదు, కాబట్టి చెవి చెప్పేదేమీ లేదు. ఆ లోటును మెదడు గమనిస్తే అది పూర్తిగా దాని సొంత లెక్కలోంచే రావాలి. ఫలితాల గురించి ఇప్పుడే చెప్పడం తొందరపాటు. ఇంకా చాలా జంతువుల్లో చూడాలి. ప్రతి జంతువూ మాకు అప్పుగా ఇచ్చిన జీవితం. అందుకే ఒక్క రికార్డింగు కూడా వృథా కాకూడదని, తొందరపడి చెప్పిన మాట వెనక్కి తీసుకునే పరిస్థితి రాకూడదని నా పట్టుదల. ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: అలవాటుపడిన చప్పుడు, అంటే ఫ్యాను హోరు లాంటిది, వినబడకపోవడం కూడా ఇదేనా?)

చూడ్డానికి ఒకలాగే ఉంటుంది గానీ వేరు. ఫ్యాను హోరుకు మెదడు అలవాటుపడటానికి ముందు ఆ హోరు కొంతసేపు వినబడాలి. మీరు కదిలినా కదలకపోయినా అది తగ్గిపోతుంది. నేను చెప్పినది చప్పుడు రాకముందే, కదలబోతున్నప్పుడే మొదలవుతుంది. రెక్క తీసేసిన కీచురాయిని గుర్తుచేసుకోండి. అక్కడ అలవాటుపడటానికి చప్పుడే లేదు.

(ప్రశ్న: జంతువులు ఇతరుల శబ్దాలను కూడా ఇలా ఏరి వింటాయా?)

ఏరి వింటాయి. ప్యూర్టో రికోలో కొకీ అనే కప్ప ఉంది. మగకప్ప కూత రెండు ముక్కలు: కో, కీ. పీటర్ నారిన్స్, రాబర్ట్ కాప్రానికా 1976లో చూపించారు, మగకప్పలు కో ముక్కకే స్పందిస్తాయి, ఆడకప్పలకు కీ ముక్క కావాలి. లోపలి చెవి నుంచి వెళ్ళే నాడుల్లో కూడా ఆ తేడా కనబడింది. ఒకే కూత, వినేవాళ్ళను బట్టి రెండు కబుర్లు.

(ఒక బాలిక: గుడ్లగూబ ఎగిరేటప్పుడు దాని రెక్కల చప్పుడు దానికి వినబడదా?)

ఈ రోజు వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ నాకు నచ్చింది ఇదే. గుడ్లగూబ విషయంలో మెదడు కన్నా ముందు ఈకలే ఆ పనిలోకి దిగాయి. దాని రెక్క ముందు అంచున దువ్వెన పళ్ళలాంటి చిన్న ముళ్ళుంటాయి. వెనక అంచున కుచ్చులుంటాయి. ఈకల పైన మఖమల్‌లాంటి నూగు ఉంటుంది. ఈ మూడింటినీ 1934లోనే గ్రాహం అనే ఆయన వివరించాడు. వీటివల్ల గాలి చీలే చప్పుడు బాగా తగ్గిపోతుంది. ఎలుకకు గుడ్లగూబ రాక తెలియకపోవడం ఒక లాభం, ఎగురుతూ కూడా గుడ్లగూబకు ఎలుక గలగల వినబడటం రెండో లాభం. అయితే తగ్గడం వేరు, పూర్తిగా పోవడం వేరు. మిగిలిన ఆ కొంచెం చప్పుడును దాని మెదడు తీసివేస్తోందా? రెక్క కిందికి కొట్టిన ప్రతిసారీ ఆ పటంలోని కణాలు ఒక్క క్షణం అణుగుతాయా? ఆ పటాన్ని కనుక్కున్నప్పుడు పక్షి ఎగరడం లేదమ్మా, కదలకుండా ఉంది. గాల్లో ఎగిరే పక్షి తల మీద మోయగలిగేంత చిన్న రికార్డింగ్ పరికరాలు ఇప్పుడొచ్చాయి. నువ్వడిగింది ఎగిరే గుడ్లగూబనే అడగాలి.